యూరియా 78, పై బీపీ 104: నాన్నగారికి ముప్పు ఎంత?

సందేహం: నాన్నగారికి 68 ఏళ్లు. ఆయాసం, కాళ్ల వాపుతో మొన్న రాత్రి ఐసీయూలో చేర్చాము. హార్ట్ ఫెయిల్యూర్ అన్నారు. బ్లడ్ యూరియా 78, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) 1.8, సోడియం 129, బీపీ 104/70, ఎకోలో ఈఎఫ్ (గుండె ఒక్కో స్పందనకు తనలోని రక్తంలో బయటికి నెట్టే వంతు) 35 శాతం. యూరియా 43 దాటితే ప్రాణాపాయమని చదివినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. బీపీ పెరగలేదన్నదొక్కటే మాకు ధైర్యం. తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: మీరు చదివినది హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరినవారి వివరాలు నమోదు చేసిన అమెరికాలోని అడ్హియర్ రిజిస్ట్రీ ఆధారంగా 2005లో వెలువడిన లెక్క అయి ఉండాలండి. అందులోని 43 బ్లడ్ యూరియా నైట్రోజన్‌కు, అంటే యూరియాలోని నైట్రోజన్‌ను మాత్రమే లెక్కించే బీయూఎన్‌కు చెందినది; మీ రిపోర్టులో ఉన్నది మొత్తం యూరియా. దాన్ని 2.14తో భాగిస్తే బీయూఎన్ వస్తుంది కనుక, నాన్నగారిది సుమారు 36, ఆ హద్దుకు లోపలే ఉంది.

బీపీ విషయంలో మాత్రం మీ ధైర్యాన్ని సరిదిద్దక తప్పదు. ఈ స్థితిలో ఆసుపత్రికి వచ్చినవారిలో పై బీపీ తక్కువగా ఉండటమే ఎక్కువ ఆందోళనకరం, ఎందుకంటే గుండె రక్తాన్ని తగినంత బలంగా నెట్టలేకపోతోందనడానికి, కిడ్నీలకు రక్తం చాలడం లేదనడానికి అది సూచన కావచ్చు. ఆ రిజిస్ట్రీలో బీయూఎన్ 43 లోపే ఉండి పై బీపీ 115 కన్నా తగ్గినవారిలో నూటికి అయిదారుగురు ఆసుపత్రిలోనే మరణించగా, ఆ రెండూ చెడి క్రియాటినిన్ కూడా 2.75కు చేరినవారిలో ఆ సంఖ్య దాదాపు 22. ఇవి వేలమంది మీద తీసిన సగటులు. ఒక్క మనిషి గతిని ఇవి చెప్పలేవు. అందువల్ల రోజూ మూత్రం ఎంత వస్తోంది, క్రియాటినిన్ ఎటు పోతోంది అని డాక్టరుగారిని అడుగుతూ ఉండండి.

సోడియం తగ్గడమూ ముప్పు గుర్తే. ఇలాంటి రోగుల్లో సాధారణంగా అది ఒంట్లో నీరు నిలిచి పలచబడటం వల్ల వస్తుంది కాబట్టి, దయచేసి ఇంటి నుంచి ఉప్పు కలిపిన మజ్జిగ తెచ్చి పట్టించకండి.

సందేహం: చాలా కృతజ్ఞతలండి. ఈఎఫ్ గురించి మీరేమీ అనలేదు. ఇంటికి తీసుకువెళ్లాక ఏం చూసుకోవాలి?

సమాధానం: ఏ మందులు వాడాలో తేల్చడానికి ఈఎఫ్ చాలా అవసరం, ఈ కొద్దిరోజుల ప్రాణాపాయాన్ని అంచనా వేయడానికి మాత్రం బీపీ, కిడ్నీ పరీక్షలే ఎక్కువ ఉపయోగపడతాయి. డిశ్చార్జి తరువాతి మొదటి వారాల్లోనూ ముప్పు ఎక్కువే. రోజూ ఉదయం మూత్రవిసర్జన అయ్యాక బరువు చూసి రాయండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. మోకాళ్ల నొప్పులని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి కొని వేసుకోనివ్వకండి, అవి నీటిని నిలిపి కిడ్నీలను దెబ్బతీస్తాయి.