గాట్స్‌బీ వ్యాసంలో మార్కులు ఎక్కడ పోతున్నాయి?

పలకబలపం:
అమెరికాలో పదకొండో గ్రేడ్ ఇంగ్లిష్‌లో ఫిట్జెరాల్డ్ నవల ‘ది గ్రేట్ గాట్స్‌బీ’. అందులో గాట్స్‌బీ ప్రేమించిన డైసీ ఇంటి రేవులో వెలిగే ఆకుపచ్చ దీపం మీద వ్యాసం. డ్రాఫ్ట్ మీద “కథ చెప్పావు, విశ్లేషణ లేదు” అని టీచర్ రాసిస్తే దిద్దుకోవడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

తాటిముంజె:
థీసిస్ నుంచి, అంటే వ్యాసం నిరూపించాల్సిన ప్రధాన వాదన నుంచి. “ఆకుపచ్చ రంగు ఆశకు గుర్తు” అంటే ఎవరూ కాదనరు, కాబట్టి అది వాదన కాదు. ఆ దీపం 1, 5, 9 అధ్యాయాల్లో ఎలా మారుతుందో పట్టుకోండి. మొదట గాట్స్‌బీ చీకట్లో దాని వైపు చేతులు చాస్తాడు. అయిదులో డైసీ పక్కనే నిలబడి ఉంది, ఇక అది రేవులో వెలిగే ఉత్త దీపమే అయిపోయిందని కథ చెప్పే నిక్‌కు తోస్తుంది. చివరి పేజీకి అది అందరి ఆశ. “కోరుకున్నది అందగానే దాని వెలుగు తగ్గిపోతుంది” అని మొదలుపెడితే ఈ మూడు చోట్లూ వాటంతటవే సాక్ష్యాలవుతాయి.

ఇంకో మాట. “ఫిట్జెరాల్డ్ అంటాడు” అని రాయకండి, చెబుతున్నది నిక్. ఎవరి మీదా తొందరపడి తీర్పు చెప్పనని మొదట్లోనే అంటాడు, ఆ తర్వాత పుస్తకమంతా తీర్పులే. మంచి వ్యాసానికి ఈ ఒక్క వైరుధ్యం చాలు.

గళ్ళనోటు:
కొటేషన్లు కుదించండి. పేరాకి అయిదారు పదాల తునకలు రెండు చాలు. ప్రతిదాని తర్వాత కనీసం రెండు వాక్యాలు మీవి ఉండాలి: ఏ పదం ఏం చేస్తోందో ఒకటి, అది థీసిస్‌ని ఎలా నిలబెడుతోందో ఇంకొకటి. ఎం.ఎల్.ఎ. (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) వ్యాస పద్ధతిలో వచనం నాలుగు లైన్లు దాటితే కొటేషన్ గుర్తులు తీసేసి అర అంగుళం లోపలికి జరపాలి. 1925 నాటి ఈ నవలకి అమెరికాలో 2021 నుంచి కాపీరైట్ లేదు, ఎడిషన్లు బోలెడు, పేజీ నంబర్లు కలవవు. క్లాసులో వాడే ప్రతినే వాడండి. కథని వర్తమాన కాలంలోనే చెప్పాలి.

ఉత్తరంగాలి:
ఆర్థర్ మిల్లర్ నాటకం ‘ది క్రూసిబుల్’ కూడా ఉంటే జాగ్రత్త. 1953 నాటకాన్ని 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణల చరిత్రగా చూపిస్తే మార్కులు పోతాయి. అందులోని అబిగైల్ అనే అమ్మాయి వయసు పెంచానని మిల్లరే చెప్పుకున్నాడు. నాటకాన్ని 1950ల నాటి కమ్యూనిస్టుల వేటతో పోల్చేటప్పుడు ఇంకోటి: ఆ వేటకి పేరుపడ్డ మెకార్తీ సెనేటర్, మిల్లర్‌ని 1956లో విచారించింది ప్రతినిధుల సభ కమిటీ. చాలామంది రెండూ కలిపేస్తారు.

పలకబలపం:
ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) ఇంగ్లిష్ లాంగ్వేజ్ పరీక్షకి ఇదే సాధన సరిపోతుందా?

గళ్ళనోటు:
సగమే. అందులో మూడు వ్యాసాలు, ఒక్కోటి 6 పాయింట్లు: థీసిస్‌కి 1, ఆధారాలూ వ్యాఖ్యానానికి 4, ఆలోచన లోతుకి 1. నవల మీద విశ్లేషణ అడగరు, ప్రసంగాలూ వ్యాసాలూ ఉత్తరాల వంటివే ఇస్తారు. దానికి బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845 ఆత్మకథ తీసుకోండి. చదువు నేర్చుకున్న అధ్యాయంలో ప్రతి వాక్యం పాఠకుణ్ణి ఎటు నెడుతోందో మార్జిన్‌లో రాసుకుంటూ చదవండి.