బోగీలో దొర్లే సీసా ఎవరు తీయాలి? మెట్రో, లోకల్ రైళ్లలో చెత్తపై మీ అనుభవాలు చెప్పండి

కిటికీపక్కసీటు:
రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట రైల్లోనే నా బతుకు. నిన్న సాయంత్రం ఎక్కేసరికి బోగీ మధ్యలో ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా, మూత లేదు, అడుగున గుక్కెడు నీళ్లు. బండి బ్రేకేస్తే అటు దొర్లుతుంది, కదిలితే ఇటు దొర్లుతుంది, దొర్లిన మేరా నేల మీద తడి గీత. అందరూ కాళ్లెత్తి దానికి మర్యాదగా దారి ఇస్తున్నారు తప్ప ఒక్కరూ వంగలేదు. నేనూ వంగలేదు, అబద్ధమెందుకు. మూడో స్టేషన్లో ఒక పెద్దావిడ ఎక్కుతూ దాని మీద కాలేసింది, పక్కనున్న రాడ్ దొరికింది కాబట్టి పడలేదు. అప్పుడు సిగ్గేసి తీశాను. తీశాక అసలు కథ మొదలైంది, దీన్ని ఎక్కడ పడెయ్యాలి? బోగీలో బుట్ట లేదు, ప్లాట్‌ఫాం మీద లేదు, పైకొచ్చాక టికెట్ గేటు దగ్గర కూడా లేదు. చివరికి నాది కాని సీసాని ఇంటిదాకా మోసుకెళ్లాను. మీరైతే ఏం చేస్తారు? మీ దగ్గర పరిస్థితి ఎలా ఉంది?

చివరిబోగీ:
చేసేదేముంది బ్రో, జనానికి భయం లేదు. సింగపూర్ చూడు. అక్కడ మెట్రో 1987లో మొదలైంది, కొన్నాళ్లకి కుర్రాళ్లు చూయింగ్ గమ్ నమిలి తలుపుల సెన్సర్లకి అంటించడం మొదలుపెట్టారు, తలుపులు మూసుకోక బండ్లు ఆగాయి. 1992లో దేశం మొత్తం మీద గమ్ అమ్మకమే బంద్. 2004 నుంచి మందుల షాపులో దొరికే రకానికి మాత్రం సడలింపు. అలా ఉండాలి.

అర్ధటికెట్టు:
@చివరిబోగీ భయం పెడితే ఇంకో రకం తలనొప్పి వస్తుంది. వాషింగ్టన్ మెట్రోలో తిండి నిషేధం. 2000లో ఒక స్టేషన్లో పన్నెండేళ్ల పాప ఒక్క ఫ్రెంచ్ ఫ్రై తిందని బేడీలేసి తీసుకెళ్లారు. కేసు అప్పీలు కోర్టుదాకా పోయి 2004లో పోలీసులు చేసింది చట్టప్రకారం సరే అని తేలింది. తీర్పు రాసిన జడ్జి జాన్ రాబర్ట్స్, తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఆయన కూడా అందులో జరిగినదానికి ఎవరూ సంతోషంగా లేరనే రాశాడు. ఒక్క ముక్కకి ఇంత సీనా?

చివరిబోగీ:
సరే, బేడీలు ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ జరిమానా ఉండాలి.

పట్టాలపక్కన:
కిటికీ గారూ, మీ సీసా ప్రశ్నకి వద్దాం. బుట్టలు ఎందుకు లేవంటే చాలా చోట్ల వాటిని కావాలనే తీసేశారు. లండన్‌లో 1991 ఫిబ్రవరిలో విక్టోరియా స్టేషన్లో బాంబు పెట్టింది చెత్తబుట్టలోనే, ఒకాయన చనిపోయాడు. టోక్యోలో 1995 మార్చి 20న సబ్‌వే బోగీల్లో సారిన్ విషం వదిలారు, ప్లాస్టిక్ సంచుల్లో పోసి న్యూస్‌పేపర్‌లో చుట్టి నేల మీద పెట్టి గొడుగు మొనతో పొడిచారు. అంటే చూసేవాడికి అది ఎవరో వదిలేసిన పేపర్ చుట్టలాగే కనపడి ఉంటుంది. ఆ తర్వాత బుట్టలు ఎత్తేశారు. కొన్ని ఊళ్లలో మళ్లీ పెట్టినవి లోపల ఏముందో కనపడే పారదర్శక సంచులు, పారిస్‌లో ఉన్నవి అవే. టోక్యోలో జనం చెత్త ఇంటికి తీసుకెళ్తారని మనం మెచ్చుకుంటాం కానీ పడేసే చోటు లేకపోవడం కూడా ఒక కారణం అనుకుంటున్నా.

ఇంకోటి, న్యూయార్క్ వాళ్లు భద్రత కోసం కాదు, చెత్త తగ్గుతుందని బుట్టలు తీసి చూశారు. 2011లో రెండు స్టేషన్లతో మొదలు, తర్వాత 39 స్టేషన్లకి పెంచారు, 2017లో ఆపేశారు.

గుండుసూది:
నాకు బుట్ట ఉన్నా లేకపోయినా తేడా కనపడలేదండి. మా లైన్లో ప్లాట్‌ఫాం చివర ఒకటి పెట్టారు, దాని నోరు ఎంత చిన్నదంటే కాఫీ కప్పు పట్టదు. జనం కప్పుల్ని దాని నెత్తిన బోర్లిస్తారు, బండి వచ్చే ముందు సొరంగంలోంచి గాలి తోసుకొస్తుంది కదా, అన్నీ ఎగిరి పట్టాల మీద పడతాయి. ఇది రోజూ చూస్తాను. పట్టాల మీద పడింది మనం తీయలేం, తీయడానికి దిగకూడదు కూడా. కాగితాలు కరెంటు పట్టా దగ్గర చేరితే చిన్న రవ్వ చాలు పొగ రావడానికి, కవర్లు మోరీకి అడ్డం పడితే వాన రోజు నీళ్లు నిలుస్తాయి.

ఒకసారి పక్క సీటాయన తీరిగ్గా గోళ్లు కత్తిరించుకుంటున్నాడు. ఒక ముక్క ఎగిరొచ్చి నా పుస్తకం మధ్య పడింది. అడిగితే "చిన్నదేగా" అన్నాడు!! ఇది ఏ జరిమానా లిస్టులో ఉంటుందో చెప్పండి.

రాత్రిషిఫ్ట్:
చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. రెండేళ్లు చివరి స్టేషన్లో బోగీలు ఊడ్చే పని చేశాను, కాంట్రాక్టు పని, కంపెనీ పేరు ఎందుకులెండి. బండి వచ్చి మళ్లీ బయల్దేరేలోపు మాకు ఆరు నిమిషాలు, మనిషికి మూడు బోగీలు. చేతిలో పొడుగు పట్టకారు, భుజాన సంచి.

మీరందరూ నేల మీద కనపడేదాని గురించి మాట్లాడుతున్నారు. ఆ సీసా నాకు రెండు సెకన్ల పని. నన్ను ఏడిపించింది దాచిన చెత్త. సీటుకీ గోడకీ మధ్య సందు ఉంటుంది చూడండి, వేలు దూరేంత. మంచివాళ్లు, బాగా చదువుకున్నవాళ్లు, నేల మీద వేస్తే బాగోదని చాక్లెట్ కాగితం మడతపెట్టి అందులో దోపుతారు. టిష్యూ దోపుతారు. నమిలిన గమ్ సీటు అడుగున నొక్కుతారు. పట్టకారు అక్కడికి పోదు, మోకాళ్ల మీద కూర్చుని ఇనుప కమ్మీతో గోకాలి, ఆరు నిమిషాల్లో అది అయ్యేది కాదు. అలా వారాల తరబడి ఉండిపోయి డిపోలో సీటు విప్పినప్పుడు ముద్దగా బయటికొస్తుంది. ఒకసారి విప్పితే లోపలి కాగితాలన్నీ తీపి పానీయం కారి అట్టకట్టి ఉన్నాయి, దాని నిండా బొద్దింకలు. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

తలుపు కింద గాడి ఇంకోటి. అందులో పుల్లలు, గింజలు, గులకరాళ్లు పడితే తలుపు పూర్తిగా మూసుకోదు, మూడుసార్లు తెరుచుకుని మూసుకుంటుంది, లేటు అక్కడ మొదలవుతుంది. తిట్లు మాత్రం డ్రైవర్‌కి.

పట్టాలపక్కన:
@రాత్రిషిఫ్ట్ అన్నా, మీరు చెప్పింది చదవగానే కింగ్స్ క్రాస్ స్టేషన్ అగ్నిప్రమాదం గుర్తొచ్చింది. 1987 నవంబర్ 18, లండన్. చెక్క ఎస్కలేటర్ మీద ఎవరో వెలిగించి పడేసిన అగ్గిపుల్ల సందులోంచి కిందికి జారింది. అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజు, బట్టల నూగు, కాగితం ముక్కలు. ఆ ఎస్కలేటర్ పెట్టినప్పటి నుంచి దాని అడుగుభాగాన్ని ఒక్కసారి కూడా పూర్తిగా శుభ్రం చేయలేదని విచారణలో తేలింది. 31 మంది పోయారు. అప్పటికే స్టేషన్లలో పొగతాగడం నిషేధం, బయటికి వెళ్తూ ఎస్కలేటర్ మీదే వెలిగించేవాళ్లట. ఆ ఎస్కలేటర్ మీద రోజూ వేలమంది నిలబడి వెళ్లారు, కింద ఏముందో ఎవరికీ కనపడలేదు.

అర్ధటికెట్టు:
అమ్మో. ఇది తెలియదు.

చివరిబోగీ:
జపాన్ బుల్లెట్ రైలు ఏడు నిమిషాల్లో మొత్తం తుడిచేస్తారు కదా, మనవాళ్లకేం రోగం?

రాత్రిషిఫ్ట్:
తమ్ముడూ, అది దూరపు రైలు, అందరూ సీట్లో కూర్చుంటారు, చివరి స్టేషన్లో బండి పూర్తిగా ఖాళీ అవుతుంది, బోగీకి ఒకరు చొప్పున మనిషి ఉంటారు. లోకల్లో నేను ఒక తలుపులోంచి చీపురుతో దిగుతుంటే ఇంకో తలుపులోంచి జనం సీట్ల కోసం పరిగెత్తుకొస్తారు. నా కాలి మీద బ్యాగు పెట్టిన రోజులున్నాయి.

గుండుసూది:
సీట్ల తయారీలో కూడా ఉందండి విషయం. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బార్ట్ రైళ్లు 1972లో మొదలైనప్పుడు నేల మీద కార్పెట్, ఊలు గుడ్డ సీట్లు. చూడ్డానికి దర్జా, ఉతకడం ఎవరి తరం? తర్వాత అవన్నీ తీసి తుడిస్తే పోయే వినైల్ వేశారు. ఇప్పుడు కొత్త బోగీల్లో సీట్లు గోడకి బిగించి కింద కాళ్లు లేకుండా చేస్తున్నారు, మాప్ అటు నుంచి ఇటు సాఫీగా పోతుంది. నాకు నచ్చిన మార్పు అదొక్కటే, మిగతా కొత్త హంగులన్నీ స్క్రీన్లే.

అర్ధటికెట్టు:
న్యూయార్క్‌లో గోడరాతల సంగతి కూడా ఇలాంటిదే. 1984లో ఒక నియమం పెట్టుకున్నారు, ఒకసారి శుభ్రం చేసిన బోగీ మీద మళ్లీ రాస్తే అది తుడిచేదాకా లైన్లోకి పంపరు. రాసినవాడికి తన రాత తిరుగుతుంటే చూసుకునే సంబరం లేదు. ఐదేళ్లు పట్టింది, 1989 మే 12న చివరి రాతల బోగీని పక్కన పెట్టేశారు. పట్టుకుని కొట్టడం కన్నా ఇదే పనిచేసిందని నా అభిప్రాయం.

కిటికీపక్కసీటు:
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. రాత్రిషిఫ్ట్ గారూ, మీ పోస్టు చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. ఎందుకంటే నేను కిటికీ పక్కన కూర్చుంటాను, ఏళ్లుగా పాత టికెట్లూ రసీదులూ కిటికీ రబ్బరు సందులో దోపుతున్నాను. నేల మీద వేయనందుకు లోపల గర్వం కూడా ఉండేది. ఒక్కటి చెప్పండి, సీసా లాంటిది దొరికి, బుట్ట లేకపోతే మీకు ఏది సులువు?

రాత్రిషిఫ్ట్:
మీతో తీసుకెళ్తే అంతకన్నా ఏముంది. కుదరకపోతే మూత బిగించి, మూత లేకపోతే నీళ్లు తాగేసో మీ సంచిలో గుడ్డకి తుడిచో, దిగేటప్పుడు మీ సీటు మీదే పెట్టండి. మూలల్లో వద్దు, సందుల్లో అసలే వద్దు. సీటు మీద ఉంటే గుమ్మంలోంచే కనపడుతుంది.

చివరిబోగీ:
ఎవడో తాగిన సీసాలో నీళ్లు తాగమంటావా అన్నా 😂

రాత్రిషిఫ్ట్:
మీ సీసా అయితే అన్నానయ్యా. వేరేవాళ్లదైతే రెండు వేళ్లతో పట్టుకోండి, నాలాగ.