వేడి మీద టక్ అంటుంది, సెల్ఫ్ తిరగదు: రిలే వేసెయ్యాలా, వైరింగ్ వెతకాలా?

కీ_తిప్పీతిప్పీ:
ఇరవై ఏళ్ళు దాటిన పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. పొద్దున్నే ఒక్క తిప్పుకే లేస్తుంది. గంట నడిపి ఆపేసి పది నిమిషాలాగి కీ తిప్పితే మాత్రం ఒక్క టక్, అంతే, సెల్ఫ్ తిరగదు. ఐదారుసార్లు తిప్పితే ఎప్పుడో పట్టుకుంటుంది. బ్యాటరీ కొత్తది వేశా, తేడా లేదు. సెల్ఫ్ మోటార్ విప్పించి కార్బన్ బ్రష్‌లు మార్పించా, వారం బానే ఉండి మళ్ళీ మొదటికే వచ్చింది. ఇప్పుడు ఎలక్ట్రీషియనేమో సెల్ఫ్ పక్కన ఒక రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని కలిపే స్విచ్) వేసేస్తే పీడా పోతుంది అంటున్నాడు, మెకానిక్కేమో రిలే వేస్తే రోగం లోపలే ఉండిపోద్ది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

రిలే_రాజా:
రిలే వేసెయ్ బ్రో, ఆలోచించకు. మీ కారులో కీ దగ్గర్నుంచే సోలినాయిడ్‌కి (సెల్ఫ్ మీదుండి మోటార్‌కి కరెంట్ కలిపే అయస్కాంత స్విచ్) కరెంట్ పోతోంది కదా, బ్యాటరీ నుంచి ఫ్యూజ్ బాక్స్, అక్కణ్ణుంచి ఇగ్నిషన్ స్విచ్, మళ్ళీ వెనక్కి ఇంజన్ దాకా, ఇంత దూరం సన్నటి వైర్‌లో తిరిగొచ్చేసరికి వోల్టేజ్ సగం దారిలోనే పోతుంది. పైగా రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుద్ది, 50 డిగ్రీలు పెరిగితే దాదాపు 20 శాతం, సోలినాయిడ్ కాయిల్ కూడా రాగే కాబట్టి లాగే బలం తగ్గిపోద్ది. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఓకే, వేడి మీద టక్. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వాళ్ళనడగండి, బ్యాటరీ వెనక సీటు కింద, ఇంజన్ వెనక, కీ మాత్రం ముందు, వాళ్ళకి ఈ రిలే చిట్కా ఎప్పట్నుంచో తెలుసు. రిలే వేస్తే స్విచ్ మీద పడేది పావు ఆంపియర్ లోపే.

చిలుము_శత్రువు:
రాజా గారూ మీరు చెప్పిన లెక్క తప్పు కాదు, కానీ ఆ కారు కొత్తగా ఉన్నప్పుడు కూడా వైర్ అంతే పొడుగు, వేడీ అంతే. అప్పుడు లేచిన బండి ఇప్పుడెందుకు లేవట్లేదు? మధ్యలో ఏదో చెడింది కాబట్టి. అది ఏంటో చూడకుండా పక్కనుంచి కొత్త దారి వేయడం నాకు నచ్చదు. కీ తమ్ముడూ, బ్యాటరీ మార్చావ్, బ్రష్‌లు మార్చావ్, ఒక్కసారైనా ఎవరైనా మీటర్ పెట్టి కొలిచారా?

కీ_తిప్పీతిప్పీ:
కొలిచా అన్నా. సోలినాయిడ్ చిన్న వైర్ పీకేసి చూస్తే కీ తిప్పినప్పుడు 12.4 వస్తోంది. ఓమ్స్‌లో కీ దగ్గర్నుంచి సోలినాయిడ్ దాకా చూస్తే 0.2, లీడ్లు రెండూ ముట్టించినా 0.1 చూపిస్తోంది. వైరింగ్ బానే ఉన్నట్టే కదా?

చిలుము_శత్రువు:
అందరూ పడే గుంట ఇదే. వైర్ పీకి కొలిస్తే దాంట్లో కరెంటే పారట్లేదు, పారకపోతే వోల్టేజ్ పడదు, పది పోగుల్లో తొమ్మిది తెగిపోయినా మీటర్‌కి 12.4 కనిపిస్తుంది. ఓమ్స్ సంగతి అంతకంటే ఘోరం. సోలినాయిడ్ కాయిల్ మొదట లాగేటప్పుడు పాతిక ముప్ఫై ఆంపియర్లు తాగుద్ది, పాతికకి నువ్వు చెప్పిన ఆ మిగతా 0.1 ఓమ్ ఉందనుకో, 2.5 వోల్టులు గల్లంతు. నీ మీటర్ లీడ్ల రెసిస్టెన్సే అంత ఉంటే అది ఏం పట్టుకుంటుంది చెప్పు. వైర్ తగిలించే ఉంచు, వేడి మీద, టక్ అంటున్న ఆ క్షణంలో కొలువు. గేర్ న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ లాగి, కీ ఇంకొకరి చేతిలో పెట్టు. రెండు సెకన్లు మించి పట్టుకోవద్దని చెప్పు, టక్ దగ్గరే ఆగిపోతే ఆ కాయిల్ అలాగే లాగుతూ ఉండి కాలిపోద్ది.

టెస్ట్_ల్యాంప్_తాత:
మీటర్ లేని రోజుల్లో మేం హెడ్‌లైట్ వేసి కీ తిప్పేవాళ్ళం. లైట్ బాగా మసకబారితే బ్యాటరీయో దాని లావు కేబుళ్ళో. లైట్ అలాగే వెలుగుతూ ఉంటే కరెంట్ మోటార్ దాకా పోనేలేదని అర్థం, చిన్న వైర్ వైపో సోలినాయిడ్ లోపలి కాంటాక్టో చూసుకోవాలి. పది సెకన్ల పని బాబూ, ఎవరూ చెయ్యరు.

కీ_తిప్పీతిప్పీ:
తాతగారూ చేశా, లైట్ కాస్త కదిలింది అంతే, మసకబారలేదు. మా ఆవిడ కీ తిప్పితే నేను కింద దూరి మీటర్ పెట్టా (మోచెయ్యి సైలెన్సర్‌కి అంటుకుంది, అది వేరే కథ). టక్ అన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.1, సోలినాయిడ్ చిన్న టెర్మినల్ దగ్గర 7.9.

రిలే_రాజా:
4.2 వోల్టులు దారిలో పోయాయి. నేను మొదటి పోస్ట్‌లో చెప్పిందే కదా ఇది?? రిలే వేసి పడుకో.

చిలుము_శత్రువు:
పోయాయి సరే, ఎక్కడ పోయాయి? అది తెలీకుండా రిలే వెయ్యొద్దనే నా గోల. స్విచ్ లోపలి స్టార్ట్ కాంటాక్ట్‌లో పోతుంటే నేనూ రాజా గారి పక్షమే, రిలే వేసుకో, స్విచ్ ఇంకో పదేళ్ళు బతుకుద్ది. కానీ స్విచ్‌కి కరెంట్ వచ్చే వైపు పోతుంటే, అదే వైర్ మీద ఫ్యూయల్ పంపు, ఇగ్నిషన్ కాయిల్ అన్నీ బతుకుతున్నాయి. రిలే వేస్తే సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుద్ది, ఏదో ఒకరోజు నడుస్తూ నడుస్తూ నడిరోడ్డు మీద బండి ఆగిపోద్ది. మీటర్ ఒక లీడ్ బ్యాటరీ ప్లస్ మీదే ఉంచి రెండోది ఒక్కో జాయింట్ దగ్గర పెట్టుకుంటూ రా, టక్ అన్నప్పుడు ఎక్కడ అంకె ఒక్కసారిగా గెంతుతుందో అదే దొంగ.

కీ_తిప్పీతిప్పీ:
దొరికింది! స్టీరింగ్ కింద కవర్ విప్పి చూశా. స్విచ్ కనెక్టర్‌కి వచ్చే వైర్ దగ్గర 0.5, కనెక్టర్ దాటి స్విచ్ పిన్ మీద పెడితే 3.3, స్విచ్ అవతల 3.9, సోలినాయిడ్ దగ్గర 4.2. కనెక్టర్ ఊడదీస్తే ఆ ఒక్క పిన్ చుట్టూ ప్లాస్టిక్ మాడి గోధుమ రంగుకొచ్చింది, లోపలి ఆడ టెర్మినల్ వదులైపోయి చిలుము పట్టి ఉంది.

చిలుము_శత్రువు:
ఒక్క పిన్నులో 2.8 వోల్టులు, పాతిక ఆంపియర్లేసుకున్నా 70 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే. ఉప్పు కాగితంతో గీకి మళ్ళీ గుచ్చకు, వేడికి స్ప్రింగ్ బలం పోయిన టెర్మినల్ మళ్ళీ పట్టు పట్టదు. కొత్త టెర్మినల్ క్రింప్ చెయ్యి (వైర్ మీద నొక్కి బిగించు), వైర్ చివర నల్లబడి ఉంటే ఎర్రటి రాగి కనపడేదాకా కత్తిరించు.

రిలే_రాజా:
ఒప్పుకుంటా, ఈ కేసులో రిలే ఒక్కటే వేసుంటే మాడిన పిన్ అలాగే ఉండేది. కానీ అది మాడింది ఎందుకు? ఇరవై ఏళ్ళుగా స్టార్ట్ కొట్టిన ప్రతిసారీ సోలినాయిడ్ కరెంట్ మొత్తం దాంట్లోంచే లాగారు కాబట్టి. మొదట్నుంచీ రిలే ఉంటే ఈ గతి పట్టేదా?

చిలుము_శత్రువు:
హ్మ్. దానికి నా దగ్గర జవాబు లేదు 😄

కీ_తిప్పీతిప్పీ:
టెర్మినల్ మార్చా. రెండు రోజులుగా వేడి మీద కూడా ఒక్క తిప్పుకే లేస్తోంది. మళ్ళీ కొలుద్దామని సోలినాయిడ్ వైర్ పీకి పక్కన పెట్టి, దానికి హెడ్‌లైట్ బల్బులు నాలుగు లోడ్‌గా తగిలించి చూశా, ఇరవై ఆంపియర్ల దగ్గర మొత్తం 1.2 పోతోంది.

రిలే_రాజా:
ఇంకా 1.2 పోతోంది! రిలే.

టెస్ట్_ల్యాంప్_తాత:
రిలే సంగతి తర్వాత, ఇంజన్ ఎర్త్ ఎవరైనా చూశారా? సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ మైనస్‌కీ సెల్ఫ్ బాడీకీ మధ్య 0.2 దాటకూడదు.

కీ_తిప్పీతిప్పీ:
ఇప్పుడే చూశా తాతగారూ. 0.6 😭 మళ్ళీ కిందకి దూరుతున్నా.