కాయలు విరగకాశాయి, ధర లేదు. "దేవుడు చూసుకుంటాడు" అని మీరెలా నిలబడ్డారు?

తోతాపురి_చెల్లి
అందరికీ వందనాలు. మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె, మూడెకరాల తోతాపురి మామిడి తోట. 2025 సీజన్ మీకందరికీ గుర్తుండే ఉంటుంది. గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4, మొత్తం కిలోకు 12 రూపాయలు అన్నారు. మా ఆయన ట్రాక్టర్‌తో ఒక ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రాత్రులు పడుకున్నాడు. మూడో రోజుకు అడుగు కాయలు చితికి ట్రాలీ సందుల్లోంచి రసం కారుతోంది, ముసురుకున్న ఈగలు. కాయలు దించడానికి టోకెన్ రాలేదు. చివరికి ర్యాంపులో, అంటే వ్యాపారులు కాయలు కొనే చోట, కిలో 3 రూపాయలకు తోసేసి వచ్చాడు. కోత కూలి, బాడుగ ఇచ్చేసరికి చేతిలో ఏమీ లేదు. నా గొలుసు ఇంకా తాకట్టులోనే ఉంది.

ఆ ఆదివారం మందిరంలో బైబిల్లోని హబక్కూకు ప్రవక్త పుస్తకం 3వ అధ్యాయం చదివారు. అంజూరపు చెట్టు పూయకపోయినా ఆనందిస్తాను అనేది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ ప్రవక్త చెట్లు కాయలేదు. మావి విరగకాశాయి, అదే మా బాధ. మీ ఇళ్లల్లో ఏం జరిగిందో చెప్పండి. వచనాలు వద్దు, అవి నా దగ్గరా ఉన్నాయి.

స్వర్ణముఖి_గట్టు
వందనాలు చెల్లీ. మాది తిరుపతి. 2021 నవంబరు వానలప్పుడు మేం పల్లపు వీధిలో అద్దెకుండేవాళ్లం. వాన పెద్దదైతే వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జి నిండుతుందని తెలుసు గానీ, మా మంచం మునుగుతుందని అనుకోలేదు. పిల్లల సర్టిఫికెట్ల కవరు నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట రాలేదు, నిజం చెబుతున్నా.

పైవాటాలో ఉండే అక్క గోవిందమాల వేసుకునే మనిషి. "ఏంది బ్రదర్ చూస్తా ఉండావు, పైకి రండి" అని కేకేసింది. మూడు రోజులు వాళ్లింట్లోనే ఉన్నాం. కరువులో ఏలీయా ప్రవక్తకు కాకులు రొట్టె తెచ్చాయి, మాకు ఆ అక్క పులిహోర పెట్టింది. ఈ మాట సాక్ష్యంలో చెబితే ఒకాయన మొహం మాడ్చుకున్నాడు. దేవుడు ఎవరి చేత పెట్టించాలో మనం చెప్తామా?

పిండితొట్టి
అన్నా, అదే కథలో నాకు ఇష్టమైంది ఇంకోటుంది. ఏలీయాను కెరీతు వాగు దగ్గరికి పొమ్మన్నది దేవుడే. ఆ వాగే ఎండిపోయింది. తర్వాత సారెపతు విధవరాలి దగ్గరికి పొమ్మని, ఆమెకు చెప్పి ఉంచానన్నాడు. తీరా వెళ్తే ఆమె చివరి పూట రొట్టెకు పుల్లలు ఏరుకుంటోంది. చూస్తే ఆమెకు ఏమీ తెలిసినట్టే లేదు! ఆ తర్వాత కూడా తొట్టి నిండిపోయిందని రాయలేదు, తరగలేదని మాత్రమే రాశారు. మా ఆయన షాపు మూతపడిన ఏడాది మాకూ అంతే. ఏ నెలా మిగల్లేదు, ఏ పూటా పస్తు లేదు.

లెక్కల_మాస్టారు
అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒక మాట. "అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం మన్నా రేపటికి దాచితే పురుగు పట్టింది, కాబట్టి దాచుకోవడం అవిశ్వాసం" అని మా బంధువు ఒకరు ఇన్సూరెన్స్ కట్టడం మానేశాడు. అదే అధ్యాయంలో విశ్రాంతి దినానికి ముందు రెండింతలు దాచమన్నారు, అది చెడిపోలేదు. ఐగుప్తులో యోసేపు రాబోయే కరువు కోసం ఏడేళ్లు పంటలో ఐదో వంతు తీసిపెట్టించాడు. అమ్మా, నువ్వు ర్యాంపు రసీదు దాచావా? ఆ 4 రూపాయల సంగతి రైతు సేవా కేంద్రంలో గట్టిగా అడిగావా? అడగడం కూడా నమ్మకంలో భాగమే.

పిండితొట్టి
మాస్టారూ, ఆమె గుండె విప్పితే మీరు రసీదు అడుగుతారేంటండీ 🙂

లెక్కల_మాస్టారు
గొలుసు విడిపించేది రసీదేనమ్మా.

వేలూరు_బస్సు
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా ఆయనకు కిడ్నీలు పోయాయి. చిత్తూరు నుంచి వేలూరు ఆసుపత్రి ఎంతో దూరం కాదు, కానీ తెల్లవారుజామున బస్సులో ఆయన తల నా భుజం మీద పెట్టుకుని వెళ్తుంటే ఆ దారి తరిగేది కాదు. ఉపవాస ప్రార్థనలు చేశాం, నూనె రాయించాం. ఆయన పోయారు. "విశ్వాసం తక్కువైంది" అని ఒకామె నా ముందే అంది. ఆమెను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేకపోతున్నాను, దాని గురించీ ప్రార్థిస్తున్నాను.

దేవుడు విడిచిపెట్టలేదనే నా నమ్మకం. ఎందుకు అంటే చెప్పలేను. ఆఖరి వారం ఆయన ఏమీ తినేవాడు కాదు. పక్క మంచం తమిళావిడ, మాకు భాష కూడా కలవదు, రోజూ పొద్దున నా చేతిలో ఒక ఇడ్లీ పొట్లం పెట్టేది. ఆయనకు కాదు, నాకు. నేను తిన్నానా అని చూసిన మనిషి ఆమె ఒక్కతే. హబక్కూకులోనూ చివరికి చెట్లు పూశాయని లేదు కదా చెల్లీ. పుస్తకం అక్కడే ఆగిపోయింది.

తోతాపురి_చెల్లి
అక్కా, మీది రెండుసార్లు చదివాను. మా ఆయనకు చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు. ఆ గేటు ముందు రెండో రాత్రి వెనక ట్రాక్టర్ అబ్బాయి తన సంగటి ముద్దలో సగం ఇచ్చాడట. ఆ అబ్బాయి కాయలూ అమ్ముడుపోలేదు. పేరు కూడా అడగలేదే అని ఇప్పుడు బాధపడుతున్నాడు.

మాస్టారూ, రసీదు ఉంది. కొంచెం తడిసింది, అంకెలు కనిపిస్తున్నాయి. సోమవారం వెళ్తాను.