సొంతంగా కట్టిన విమానానికి ఐలరాన్ ట్రిమ్: స్ప్రింగా, ట్యాబా?

నాది సొంతంగా కట్టుకున్న రెండు సీట్ల విమానం. సీట్లు పక్కపక్కనే, ఇంధనం ట్యాంకులు రెండు రెక్కల్లోనూ. ఇద్దరం కూర్చుని, ట్యాంకులు సమానంగా ఉంటే తిన్నగా పోతుంది. ఒక్కడినే వెళ్తే మాత్రం ఎడమకు వాలుతుంది. ఎడమ ట్యాంకు నిండుగా ఉంటే మరీనూ. స్టిక్‌ని కుడికి నొక్కి పట్టుకునే ఉండాలి. రెండు వేళ్లతో ఆపొచ్చు, కానీ మ్యాపు మడత విప్పాలన్నా, రేడియో తిప్పాలన్నా చిరాకు.

రెక్క అమరికలో తేడా అయితే ఐలరాన్ (విమానాన్ని పక్కకు వాల్చడానికి రెక్క వెనక కదిలే పలక) వెనక అంచుకు చిన్న రేకు ముక్క బిగించి వంచితే సరిపోయేది. నా విషయంలో బరువు ప్రతిసారీ మారుతుంది, కాబట్టి గాల్లో ఉండగానే సర్దుకునే ట్రిమ్ (స్టిక్‌ని చేత్తో నొక్కి పట్టుకునే పని తప్పించే ఏర్పాటు) కావాలి.

ఐలరాన్ వెనక అంచున సర్వో మోటారుతో కదిలే ట్యాబ్ (చిన్న పలక) అంటే నాకు భయం. ఐలరాన్ హింజ్‌కి వెనక బరువు పెరిగి మాస్ బ్యాలెన్స్ (హింజ్‌కి ముందూ వెనకా బరువుల సమతూకం) చెడితే ఫ్లటర్ (గాలికి ఐలరాన్, రెక్క అదుపు తప్పి అదరడం) రావచ్చు. లింకేజీలో కాస్త లూజు ఉన్నా అదే టెన్షన్. అందుకే స్టిక్ అడుగున రెండు వైపులా స్ప్రింగులు తగిలించి, ఒక లీవరుతో ఒకదాన్ని లాగి ఇంకోదాన్ని వదులు చేసే పద్ధతి వైపే మొగ్గుతున్నాను. ఐలరాన్ జోలికే వెళ్లక్కర్లేదు.

ఇది చేసినవాళ్లు చెప్పండి. స్ప్రింగు ఎంత మెత్తగా ఉండాలి? ల్యాండింగ్‌కి వేగం తగ్గాక ఐలరాన్ మీద గాలి ఒత్తిడి తగ్గుతుంది కదా, అప్పుడు స్ప్రింగు లాగుడు చేతికి మరీ ఎక్కువగా తెలుస్తోందా? లీవరు జారకుండా ఫ్రిక్షన్ వాషరు చాలా, గాట్లు పెట్టాలా? అన్నిటికంటే ముఖ్యం, స్ప్రింగు తెగితే దాని కొక్కెం స్టిక్ కదలికకు అడ్డం పడకుండా మీరేం చేశారు? ఫోటోలుంటే పెట్టండి.