వీసీ గారి వ్యాసంలో నా పట్టిక: ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?

ప్రశ్న: చెన్నైలోని ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాను. మా వైస్ చాన్సలర్ గారి పేరుతో వెలువడిన వ్యాసంలో నా నాలుగో అధ్యాయంలోని పట్టిక యథాతథంగా ఉంది. మూడో వరుసలో నేను పొరపాటున తప్పుగా పెట్టిన దశాంశ బిందువు సైతం అలాగే ఉంది. నా థీసిస్‌పై సంతకం చేయవలసినవారందరూ ఆయన కింద పనిచేసేవారే. ఏం చేయమంటారు?

జవాబు 1: 2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం, సంస్థాధిపతిపై ఫిర్యాదు వస్తే చర్య తీసుకోవలసింది ఆ సంస్థపై నియంత్రణాధికారం ఉన్నవారే. లోపలి విచారణ సంఘాన్ని నమ్ముకోకండి. అందులోని నలుగురిలో అధ్యక్షుడు కాక మిగిలిన ముగ్గురినీ నామినేట్ చేసేది సంస్థాధిపతే. పోలిక మొరటుదే గానీ, దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

జవాబు 2: ఆ నిబంధనల్లోనే, విద్యార్థి థీసిస్‌కు ఇతరుల రచనతో పోలిక 60 శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, 10 శాతం లోపు ఉంటే శిక్షే లేదు. ఒక్క పట్టిక ఈ లెక్కకు అందకపోవచ్చు కాబట్టి ఆ దశాంశ బిందువే మీ సాక్షి.

జవాబు 3: ఉత్తరాఖండ్‌లోని కుమాయూన్ విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్ ఇలాంటి ఆరోపణపైనే 2003లో రాజీనామా చేశారు. అయితే అప్పుడు రాష్ట్రపతి కలాం గారికి లేఖ రాసినవారు స్టాన్‌ఫర్డ్ భౌతిక శాస్త్రవేత్తలండీ.

ప్రశ్న అడిగినవారు: ముసాయిదాలు పంపిన మెయిళ్లు తేదీలతో సహా ఉన్నాయి. రేపు క్యాంపస్ బయట, తరమణిలో ప్రింట్లు తీయిస్తాను.