స్ఫింక్స్ పీడీఎఫ్‌లో కోడ్ బ్లాకుల్లోని తెలుగు కామెంట్లు ఖాళీ డబ్బాలుగా వస్తున్నాయి

ఆడియో రికార్డింగ్ కోసం డెబియన్ లినక్స్ మీద కట్టిన ఒక డిస్ట్రోకి (లినక్స్ కూర్పుకి) తెలుగులో యూజర్ మాన్యువల్ రాస్తున్నాను. స్ఫింక్స్‌లో (ఒకే మూలం నుంచి హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్ తయారుచేసే డాక్యుమెంటేషన్ సాధనం) రాస్తున్నాను, హెచ్‌టీఎంఎల్ బాగానే వస్తోంది. లైవ్ యూఎస్‌బీలో (ఇన్‌స్టాల్ చేయకుండానే సిస్టమ్‌ని నడిపే పెన్‌డ్రైవ్) పెట్టే పీడీఎఫ్‌తోనే చిక్కు.

స్ఫింక్స్ పీడీఎఫ్‌ని లాటెక్ అనే టైప్‌సెట్టింగ్ వ్యవస్థతో తయారుచేస్తుంది. మామూలు పీడీఎఫ్‌లాటెక్‌తో తెలుగు రాదు కాబట్టి లాటెక్ ఇంజిన్‌ని ఎక్స్‌ఈలాటెక్‌కి మార్చి, ఫాంట్‌స్పెక్‌లో (ఫాంట్లు ఎంచుకునే లాటెక్ ప్యాకేజీ) మెయిన్ ఫాంట్‌గా నోటో సెరిఫ్ తెలుగు పెట్టి, స్క్రిప్ట్ కూడా తెలుగు అని ఇచ్చాను. దాంతో పేరాల్లో ఒత్తులు, గుణింతాలు చక్కగా పడుతున్నాయి. కానీ కోడ్ బ్లాకుల్లో, ఉదాహరణకు సౌండ్ కార్డుల జాబితా చూపే ఏప్లే కమాండ్ పక్కన "# ఇక్కడ కనిపించే కార్డు నంబర్ రాసుకోండి" అని రాస్తే, హ్యాష్ గుర్తు తర్వాత అన్నీ డబ్బాలే. లాగ్‌లో ప్రతి అక్షరానికీ "మిస్సింగ్ క్యారెక్టర్" హెచ్చరిక, ఫాంట్ పేరు ఫ్రీమోనో (కోడ్ కోసం వాడే మోనోస్పేస్ ఫాంట్, అంటే ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉండేది).

మోనో ఫాంట్‌గా మండలి అనే తెలుగు ఫాంట్ పెట్టి చూశాను, తెలుగు వచ్చింది గానీ అది మోనోస్పేస్ కాదు కదా, టెర్మినల్ అవుట్‌పుట్‌లో నిలువు వరుసలన్నీ చెదిరిపోయి ఏ నంబర్ ఏ కార్డుదో తెలియడం లేదు. కొత్తవాళ్లు సరిగ్గా అక్కడే తడబడతారు. కామెంట్లను బ్లాక్ బయటికి తీసి కూడా చూశాను, పెద్ద స్క్రిప్టుల్లో ఏ వివరణ ఏ లైనుదో అర్థం కావట్లేదు, అందుకే అవి లోపలే ఉండాలి.

కమాండ్లు మోనోస్పేస్‌లోనే ఉంటూ, కోడ్ బ్లాకుల్లోని తెలుగు అక్షరాలు మాత్రం వేరే ఫాంట్ తీసుకునేలా స్ఫింక్స్ సెట్టింగుల్లో ఏం రాయాలి?